పరమాణువు ఖాళీ డబ్బా కాదు, భీమిలి ఇసుక అణుబాంబూ కాదు

విశాఖలో ఇంటర్ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: ఎలక్ట్రాన్లు గ్రహాల్లా తిరుగుతాయి, పరమాణువు 99.9999 శాతం ఖాళీ, అందుకే మనం దేన్నీ నిజంగా తాకం, ఆ ఖాళీ తీసేస్తే మానవజాతి మొత్తం చక్కెర బిళ్లలో పడుతుంది. చివర్లో ఇంకొకటి, భీమిలి నల్ల ఇసుకలో థోరియం అనే రేడియోధార్మిక లోహపు పరమాణువులు బాంబుల్లా పేలుతుంటాయట. అంకెలు కొన్ని సరైనవే కావడంతో చదివినవాళ్లు అంతా నమ్మేస్తున్నారు. ప్రమాదం అక్కడే ఉంది.

"గ్రహాల్లా తిరుగుతాయి."

ముందు దీన్ని సరిదిద్దాలి, మిగతా తప్పుల్లో చాలావరకు దీన్నుంచే పుట్టాయి. 1911లో రూథర్‌ఫర్డ్ కేంద్రకాన్ని ప్రతిపాదించగానే ఒక చిక్కు ఎదురైంది. విద్యుదావేశమున్న కణం వంపు తిరుగుతూ పోతే శక్తిని వికిరణంగా కోల్పోతుంది. పాత సూత్రాలతో లెక్కిస్తే, సెకనును లక్ష కోట్ల భాగాలు చేసి అందులో 16 భాగాలు గడిచేలోపే హైడ్రోజన్ ఎలక్ట్రాన్ కేంద్రకంలో పడిపోవాలి. పడటం లేదు. 1913లో బోర్ నిర్ణీత కక్ష్యలతో కొంత సర్దాడు. 1926లో ష్రోడింగర్ సమీకరణం వచ్చాక కక్ష్య పోయి ఆర్బిటాల్, అంటే ఎలక్ట్రాన్ ఎక్కడ దొరకొచ్చో చెప్పే పరుపు, మిగిలింది. కనిష్ఠ శక్తి స్థితిలో హైడ్రోజన్ ఎలక్ట్రాన్‌కు కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం సున్నా, అంటే అక్కడ చుట్టూ తిరగడమే లేదు. అది అన్ని దిక్కులా పరుచుకుని ఉంటుంది. కేంద్రకం నుంచి 0.529 ఆంగ్‌స్ట్రామ్ (ఒక ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు) దూరంలో దొరికే అవకాశం అన్నిటికంటే ఎక్కువ. ఇంకా లోపలికి కుదిస్తే దాని గతిశక్తి పెరిగిపోతుంది. ఆకర్షణకీ ఈ పెరుగుదలకీ ఎక్కడ సమతూకం కుదిరిందో అదే పరమాణువు సైజు.

"99.9999 శాతం ఖాళీ."

ఇనుమునే తీసుకోండి. 26 ప్రోటాన్లు, ఎక్కువ పరమాణువుల్లో 30 న్యూట్రాన్లు. కేంద్రకాన్ని సెంటీమీటరు గోళీగా పెంచి ఆర్కే బీచ్‌లో పెడితే, పరమాణువు అడ్డకొలత సుమారు 270 మీటర్లు అవుతుంది, అక్కడున్న కురుసుర సబ్‌మెరైన్‌కు దాదాపు మూడింతలు. ద్రవ్యరాశిలో 99.9 శాతానికి పైగా ఆ గోళీలోనే. ఇంతవరకు నిజం.

కానీ మిగతా చోటంతా ఖాళీ అనాలంటే ఎలక్ట్రాన్ ఏదో ఒక మూల ఉన్న చిన్న ఉండ అని ఊహించుకోవాలి. అది ఉండ కాదు. ఆ 270 మీటర్లలో 26 ఎలక్ట్రాన్లు పరుచుకునే ఉన్నాయి. స్ఫటికాల మీద పడిన ఎక్స్-రేలు చెదిరేది ప్రధానంగా ఈ ఎలక్ట్రాన్ల వల్లే, వాటి సాంద్రతను పటంగా గీస్తారు కూడా. ఖాళీని అలా గీయలేం కదా.

"దేన్నీ తాకం."

బల్ల మీద చెయ్యి పెడితే రెండు వైపుల ఎలక్ట్రాన్లూ విద్యుత్ వికర్షణ వల్ల, పౌలీ నియమం (రెండు ఎలక్ట్రాన్లు ఒకే స్థితిలో ఉండలేవనేది) వల్ల ఒకదానిలోకి ఒకటి చొరబడలేవు. తాకడమంటే ఇదే. ఇంతకు మించిన 'అసలు తాకడం' ఎక్కడా లేదు.

"చక్కెర బిళ్ల."

లెక్క దాదాపు సరిపోతుంది. 800 కోట్ల మంది, తలకు 50 కిలోలు అనుకుంటే 40 కోట్ల టన్నులు. కేంద్రక సాంద్రతలో అది రెండు ఘన సెంటీమీటర్ల లోపే. అయితే అందుకు తీసేయాల్సింది ఖాళీని కాదు. ఎలక్ట్రాన్లు ప్రోటాన్లతో కలిసి న్యూట్రాన్లుగా మారాలి, అది న్యూట్రాన్ నక్షత్రాల గురుత్వాకర్షణకే సాధ్యం.

"భీమిలి ఇసుకలో బాంబులు."

ఆ నలుపు థోరియానిది కాదు, ప్రధానంగా ఇల్మెనైట్‌ది. అది ఇనుము, టైటానియం, ఆక్సిజన్ కలిసిన ఖనిజం. థోరియం ఉండేది మోనజైట్‌లో, దాని రంగు తేనె పసుపు నుంచి గోధుమ వరకు. థోరియం-232లో 90 ప్రోటాన్లు, 142 న్యూట్రాన్లు. దాని అర్ధాయువు, అంటే ఉన్న పరమాణువుల్లో సగం క్షయమయ్యేందుకు పట్టే కాలం, సుమారు 1,400 కోట్ల ఏళ్లు. కేంద్రకం రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు ఉన్న ఆల్ఫా కణాన్ని వదిలి రేడియం-228 అవుతుంది. ఇది క్షయం, కేంద్రకం రెండు పెద్ద ముక్కలయ్యే విచ్ఛిత్తి కాదు. ఇందులో వెలువడే శక్తి సుమారు 4 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు, యురేనియం-235 విచ్ఛిత్తిలో అది సుమారు 200. పైగా ఒక క్షయం పక్క కేంద్రకాన్ని రేపదు, కాబట్టి గొలుసు చర్య ఊసే లేదు.

ఆల్ఫా కణాన్ని ఒక కాగితం ఆపేస్తుంది. థోరియం క్షయ శ్రేణిలో తర్వాతి మూలకాలు గామా కిరణాలు కూడా వదులుతాయి, అందుకే మోనజైట్ దగ్గర రేడియేషన్ కొలిచే మీటరు పలుకుతుంది. ఇసుక మీద నడకకు భయపడక్కర్లేదు. మోనజైట్‌ను వేరుచేసి పొడిచేసే చోట లేచే ధూళి మాత్రం ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, ఎందుకంటే అక్కడ ఆల్ఫాను ఆపే కాగితమూ ఉండదు, పై చర్మమూ ఉండదు.