మూడు ఓడల నీతికథలో మునిగిపోయిన నిజాలు

ఏప్రిల్ వచ్చిందంటే ఒక సందేశం ఫోన్లలో చక్కర్లు కొట్టడం మొదలవుతుంది. టైటానిక్ మునిగిపోతున్న రాత్రి దాని సమీపంలో మూడు ఓడలు ఉన్నాయట. మొదటిది శాంప్సన్. కేవలం 7 మైళ్ల దూరంలో ఉండి, టైటానిక్ వదిలిన తెల్లని తారాజువ్వలను చూసి కూడా, తాము దొంగచాటుగా సీల్ జంతువులను వేటాడుతున్న సంగతి బయటపడుతుందని పారిపోయిందట. రెండోది కాలిఫోర్నియన్. 14 మైళ్ల దూరంలో ఉంది. చుట్టూ మంచు ఉందని, చీకటిగా ఉందని, వాతావరణం అనుకూలంగా లేదని దాని కెప్టెన్ 'తెల్లవారాక చూద్దాం' అని పడుకున్నాడట. మూడోది కార్పాథియా. 58 మైళ్ల దూరం నుంచి రేడియోలో ఆర్తనాదాలు విన్న కెప్టెన్ మోకరిల్లి దారి చూపమని దేవుణ్ని వేడుకొని, మంచుకొండల మధ్య నుంచి దూసుకొచ్చి 705 మందిని కాపాడాడట. ఆఖర్న మనకో ప్రశ్న: 'వీటిలో మీరు ఏ ఓడ?'

స్వార్థం, పిరికితనం, ధైర్యం. మూడు గుణాలకు మూడు ఓడలు చక్కగా సరిపోయాయి. చరిత్ర ఇంత పొందికగా ఉండటమే అనుమానించాల్సిన విషయం.

మొదటి ఓడతోనే కథ కూలిపోతుంది. దాని అసలు పేరు సామ్సన్. నార్వేకు చెందిన, చెక్కతో కట్టిన వేట ఓడ. 1912 ఏప్రిల్ 14 రాత్రి తాము టైటానిక్ దగ్గరలోనే ఉన్నామని చెప్పింది అందులో పనిచేసిన హెన్రిక్ నేస్ అనే అధికారి. ఆయన కథనం విస్తృతంగా ప్రచారంలోకి వచ్చింది 1960లలో. అందరి వేళ్లూ తనవైపే చూపిస్తున్న కాలిఫోర్నియన్ కెప్టెన్‌ను సమర్థించేవారికి అది అయాచితంగా దొరికిన వరం. టైటానిక్ నుంచి కనిపించింది మా ఓడ కాదు, ఇదిగో ఈ ఓడ అని చెప్పుకోవచ్చు కదా! కానీ ఐస్‌లాండ్ రేవు రికార్డులు వేరే మాట చెబుతున్నాయి. సామ్సన్ ఏప్రిల్ 6న ఐస్‌లాండ్ వాయవ్య తీరంలోని ఇసఫ్యోర్దూర్ రేవులో ఉంది. మళ్లీ 20న అక్కడే ఉంది. అక్కడి నుంచి టైటానిక్ మునిగిన చోటికి వెళ్లి తిరిగి రావాలంటే 3 వేల నాటికల్ మైళ్లకు పైనే ప్రయాణించాలి. పద్నాలుగు రోజుల్లో అంత దూరం, మధ్యలో వేట కూడా చేస్తూ, మంచు దాటుకుంటూ! అలాంటి పాత వేట ఓడ వల్ల అయ్యే పని కాదు. పాపం, ఈ ఓడకు తర్వాత మంచి రోజులే వచ్చాయి. 1928లో అమెరికన్ అన్వేషకుడు రిచర్డ్ బర్డ్ దాన్ని 'సిటీ ఆఫ్ న్యూయార్క్' అని పేరు మార్చి అంటార్కిటికాకు తీసుకెళ్లాడు. కానీ మన ఫోన్లలో మాత్రం అది ఇంకా పారిపోతూనే ఉంది.

రెండో ఓడ సంగతి ఇంత తేలిగ్గా తేలదు. కాలిఫోర్నియన్ కెప్టెన్ స్టాన్లీ లార్డ్‌ను నేను సమర్థించబోవడం లేదు. కాకపోతే అతను చేసిన తప్పు ఒకటి, సందేశం అంటగడుతున్న తప్పు ఇంకొకటి.

ముందు వాతావరణం. ఆ రాత్రి చంద్రుడు లేడు, అంతవరకు చీకటి నిజమే. కానీ ఆకాశం నిర్మలంగా ఉంది, సముద్రం చెరువులా కదలకుండా ఉంది. ప్రతికూల వాతావరణమే లేదు. మంచు మాత్రం నిజం. దాని వల్లే కాలిఫోర్నియన్ రాత్రి 10.20 ప్రాంతంలో ఆగిపోయింది. ఆ సంగతి టైటానిక్‌కు చెప్పబోయింది కూడా. రేడియో ఆపరేటర్ సిరిల్ ఎవాన్స్ 11 గంటల ప్రాంతంలో 'మంచు చుట్టుముట్టి ఆగిపోయాం' అని సంకేతం పంపితే, ప్రయాణికుల సందేశాలు పంపే హడావిడిలో ఉన్న టైటానిక్ ఆపరేటర్ జాక్ ఫిలిప్స్ నోరు మూసుకోమన్నట్టు కసిరాడు. ఎవాన్స్ ఇంకాసేపు విని, 11.30 ప్రాంతంలో రేడియో సెట్టు ఆపి పడుకున్నాడు. ఆ ఓడలో ఆపరేటర్ అతనొక్కడే. ఉదయం నుంచి పనిచేస్తున్నాడు. 11.40కి టైటానిక్ మంచుకొండను ఢీకొంది.

తారాజువ్వలను చూసింది కెప్టెన్ లార్డ్ కాదు. రాత్రి కాపలాలో ఉన్న సెకండ్ ఆఫీసర్ హెర్బర్ట్ స్టోన్, అప్రెంటిస్ జేమ్స్ గిబ్సన్. మొత్తం ఎనిమిది చూశారు. గదుల మధ్య మాట్లాడుకోవడానికి ఉండే గొట్టం ద్వారా స్టోన్ కింద గదిలో విశ్రమిస్తున్న కెప్టెన్‌కు చెప్పాడు. అవి ఏదైనా కంపెనీ గుర్తింపు సంకేతాలా అని కెప్టెన్ అడిగాడు. మోర్స్ దీపంతో, అంటే వెలుగు సంకేతాలతో, పలకరిస్తూ ఉండమన్నాడు. దీపం వెలిగించారు, జవాబు రాలేదు. నడిసముద్రంలో ఏ ఓడా ఊరికే రాకెట్లు వదలదని స్టోన్ గిబ్సన్‌తో అన్నాడు కూడా. అని, మళ్లీ చూస్తూ నిలబడ్డాడు. రెండు గంటల ప్రాంతంలో గిబ్సన్ కిందికి వెళ్లి, ఓడ కనుమరుగైందని, ఎనిమిది తెల్ల రాకెట్లు వదిలిందని చెప్పాడు. అన్నీ తెల్లవేనా అని కెప్టెన్ అడిగాడు. ఆ సంభాషణ తనకు గుర్తు లేదని తర్వాత విచారణలో అన్నాడు. రంగుతో పనే లేదు. ఏ రంగువైనా సరే, స్వల్ప వ్యవధిలో ఒక్కొక్కటిగా వదిలితే అది ఆపద సంకేతమేనని ఆనాటి నిబంధన.

నాకు ఎప్పుడూ మింగుడుపడనిది ఇది. ఎవాన్స్ కొద్ది అడుగుల దూరంలో నిద్రపోతున్నాడు. అతన్ని లేపి ఒక్కసారి సెట్టు పెట్టించి ఉంటే నిమిషంలో సంగతి తెలిసేది. ఆ మాట కెప్టెన్‌కు తోచలేదు, స్టోన్‌కూ తోచలేదు. అతన్ని లేపింది ఉదయం 5.30 ప్రాంతంలో. పైగా ఓడ అధికారిక లాగ్ పుస్తకంలో రాకెట్ల ప్రస్తావనే లేదు. అమెరికా, బ్రిటన్ విచారణలు రెండూ లార్డ్‌ను తప్పుపట్టాయి, అందులో అన్యాయం కనిపించదు. అయితే దూరం విషయంలో 14 మైళ్లని అంత ఖాయంగా చెప్పడం కుదరదు. లార్డ్ చెప్పింది 19 మైళ్లకు పైన. బ్రిటన్ విచారణ 8 నుంచి 10 మైళ్లంది. 1985లో శిథిలాలు దొరికాక, టైటానిక్ ఆ రాత్రి ప్రకటించిన స్థానమే 13 మైళ్ల మేర తప్పని తేలింది. 1992లో బ్రిటన్ నౌకా ప్రమాదాల దర్యాప్తు విభాగం మళ్లీ పరిశీలించి, దూరం బహుశా 17 నుంచి 20 మైళ్లు ఉండవచ్చని, కాలిఫోర్నియన్ వెంటనే బయల్దేరినా టైటానిక్ మునిగాకే చేరేదని అభిప్రాయపడింది. అందుకని వెళ్లనవసరం లేదని కాదు. కానీ 'లేచి వెళ్లి ఉంటే 1,500 మందీ బతికేవారు' అనే భావన మాత్రం నిలబడదు.

ఇక కార్పాథియా. ఆర్తనాదాలేవీ రేడియోలో వినిపించలేదు. అది మోర్స్ చుక్కలు, గీతల కాలం. ఆపరేటర్ హెరాల్డ్ కాటమ్, అతనూ ఒక్కడే, పడుకోవడానికి కోటు విప్పాడు. పారిసియన్ అనే మరో ఓడ నుంచి సందేశం అందిందన్న జవాబు రావాల్సి ఉండటంతో చెవులకున్న హెడ్‌ఫోన్లు మాత్రం తీయలేదు. టైటానిక్‌కు అమెరికా తీరంలోని కేప్ కాడ్ రేడియో కేంద్రం వద్ద సందేశాలు పేరుకున్నాయని మర్యాదకు కబురు చెబుదామని పిలిస్తే, వెంటనే రమ్మని జవాబొచ్చింది. అతను పరుగెత్తాడు. తలుపు తట్టకుండా గదిలోకి వచ్చిందెవరని విసుక్కున్నానని కెప్టెన్ ఆర్థర్ రోస్ట్రాన్ తర్వాత రాసుకున్నాడు.

రోస్ట్రాన్ దైవభక్తుడు, ఆ రాత్రి ప్రార్థించాడన్న మాటను కాదనక్కర్లేదు. కానీ దారి వెతుక్కున్నది ప్రార్థనతో కాదు, పటం మీద లెక్కతో. ముందు ఓడను తిప్పమని ఆజ్ఞ ఇచ్చాడు, తర్వాతే 'నిజంగా విన్నావా' అని కాటమ్‌ను అడిగాడు. ఆపైన వరుసగా ఆదేశాలు: ఆవిరంతా ఇంజన్లకే అందేలా గదుల్లో వేడి ఆపండి. కొలిమిలో బొగ్గు వేసేవాళ్లను అదనంగా దించండి. మంచును కనిపెట్టడానికి అదనపు కాపలా పెట్టండి. బోట్లు బయటికి వేలాడదీయండి. భోజనశాలల్లో వైద్యులను, దుప్పట్లను, వేడి సూపును సిద్ధం చేయండి. చిన్నపిల్లలను పైకి లాగడానికి క్యాన్వాస్ సంచులు ఉంచండి. ఇంత పని చేసిన మనిషిని మోకాళ్ల మీద కూర్చోబెట్టి వదిలేస్తే అతనికి దక్కాల్సిన ఘనత తగ్గించినట్టే.

ఇంతా చేసి చేరింది 4 గంటలకు. టైటానిక్ 2.20కే మునిగింది. నీళ్లలో పడినవారిని కార్పాథియా కాపాడలేకపోయింది. అది ఎక్కించుకున్నది అప్పటికే బోట్లలో ఉన్నవారిని. ఆ బోట్లలో 1,178 మందికి చోటుంది. ఎక్కి బతికినవారి సంఖ్య ఆనాడు 705 అన్నారు, ఇప్పుడు ఎక్కువగా ఆమోదిస్తున్న లెక్క 712. ఓడలో ఉన్నవారు దాదాపు 2,200.

సందేశంలో లేని నాలుగో ఓడ కూడా ఉంది: మౌంట్ టెంపుల్. సుమారు 50 మైళ్ల దూరం నుంచి సంకేతం విని, కెప్టెన్ జేమ్స్ మూర్ కూడా వెంటనే ఓడ తిప్పాడు. మంచు అడ్డొచ్చి ఆగి, మెల్లగా ముందుకు సాగి, టైటానిక్ ప్రకటించిన స్థానం దగ్గరికి తెల్లవారేలోపు చేరాడు. స్థానమే తప్పు కదా, అక్కడ ఏమీ లేదు. బోట్లు మంచు మైదానానికి అవతలివైపున ఉన్నాయి. అదే సంకల్పం, అదే తొందర, ఒక్క ప్రాణమూ దక్కలేదు. ఈ ఓడను ఏ గుణం కింద వేస్తారు? బహుశా అందుకే కథలోంచి తీసేశారు.

ఆనాటి ప్రభుత్వాలు కెప్టెన్ల మనసులను సరిదిద్దే ప్రయత్నం చేయలేదు. ఒక ఓడ ఆపరేటర్ పది నిమిషాల ముందు పడుకోవడం, మరొకడు కాసేపు ఆలస్యంగా పడుకోబోవడం మీద వందల ప్రాణాలు ఆధారపడకూడదని గ్రహించాయి. ప్రయాణికుల పెద్ద ఓడల్లో ఇద్దరు ఆపరేటర్లు ఉండాలని, రేయింబవళ్లు ఒకరు వింటూనే ఉండాలని అమెరికా 1912 జూలైలోనే చట్టం సవరించింది. 1914 జనవరిలో లండన్‌లో సముద్ర భద్రతపై తొలి అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. బోట్లలో అందరికీ చోటుండాలన్న నియమం, ఉత్తర అట్లాంటిక్‌లో మంచు గస్తీ అక్కడే ఖరారయ్యాయి. ఆ గస్తీని అమెరికా తీర రక్షక దళం ఇప్పటికీ నడుపుతోంది.