ఆచార్యుడి బోధనాసక్తులకే పెద్దపీట వేయాలి

తత్త్వశాస్త్ర ఆచార్యుడి పరిచయ పత్రంలో పీహెచ్‌డీ ఎక్కడ చేశారు, ఎవరి పర్యవేక్షణలో చేశారు, ఏయే పత్రికల్లో వ్యాసాలు వచ్చాయి అన్నవి ముందుంటాయి. బోధనాసక్తులు చివర ఒక్క వరుసలో సరిపెట్టేస్తారు. ఉద్యోగ ప్రకటనల్లో అభ్యర్థి ప్రత్యేక రంగాన్ని, బోధించగల ఇతర రంగాలను విడివిడిగా అడిగే మంచి ఆచారం తత్త్వశాస్త్రంలో ఉంది. అయితే ఎంపిక దగ్గరకు వచ్చేసరికి బరువంతా మొదటిదానికే పడుతోంది. ఈ క్రమం తిరగబడాలి.

అమెరికన్ తత్త్వవేత్త విలియం జేమ్స్ చదివింది వైద్యం. హార్వర్డ్‌లో 1873లో ఆయన మొదట చెప్పిన పాఠాలు శరీర నిర్మాణం, శరీరధర్మ శాస్త్రాలవి. మనస్తత్వశాస్త్రం మీదుగా తత్త్వశాస్త్రానికి చేరుకున్నారు. అప్పటిదాకా గణితమే బోధించిన ఇంగ్లిష్ పండితుడు వైట్‌హెడ్‌ను అదే హార్వర్డ్ 1924లో, 63 ఏళ్ల వయసులో, తత్త్వశాస్త్రం చెప్పమని పిలిచింది. పట్టా పేరు చూసి వడపోసే పద్ధతిలో వీరిద్దరికీ చోటు దొరికేది కాదు.

అన్నిటికంటే బలమైన ఉదాహరణ జర్మన్ తత్త్వవేత్త ఇమ్మాన్యుయెల్ కాంట్. 1755లో తన సొంతూరు కోనిగ్స్‌బర్గ్‌లో పాఠాలు మొదలుపెట్టినప్పుడు ఆయనకు విశ్వవిద్యాలయం జీతం ఇవ్వలేదు, విద్యార్థులు కట్టే రుసుములే ఆధారం. తర్కం, ఉనికి మూలాలను విచారించే మెటాఫిజిక్స్‌తో పాటు భౌతిక భూగోళాన్ని, 1772 నుంచి మానవశాస్త్రాన్ని కూడా బోధించారు. తర్కానికి మరో జర్మన్ తత్త్వవేత్త మయర్ రాసిన పాఠ్యపుస్తకాన్ని దశాబ్దాలపాటు వాడుతూ, తన ప్రతిలో ఖాళీ ఉన్నచోటల్లా రాసుకున్న గమనికలు ఆయన సమగ్ర రచనల్లో ఒక సంపుటాన్నే నింపాయి. పాఠం చెప్పడానికి తెరిచిన పుస్తకంతోనే ఏళ్ల తరబడి వాదించిన మనిషి ఆయన. 1770లో ఆచార్య పదవి అందాక, 1781లో తన ప్రధాన గ్రంథం 'శుద్ధబుద్ధి విమర్శ' వెలువడే వరకు ఆయన ప్రచురించింది దాదాపు శూన్యం, తరగతులు మాత్రం ఆగలేదు. ఆ పదకొండేళ్లను ఇవాళ్టి పదోన్నతి సంఘం వృథా కాలంగా నమోదు చేస్తుంది.

ఒక అంశంలో లోతుగా మునగని వ్యక్తి అన్నీ పైపైన చెబుతాడన్న అభ్యంతరం ఉంది. అందులో నిజం లేకపోలేదు, గ్రీకు రాకుండా అరిస్టాటిల్‌పై పరిశోధన సాగదు. కానీ ఆ లోతును తొలి ఏడాది విద్యార్థి వేసే మొరటు ప్రశ్న ముందు నిలబెట్టలేనివారు తమ ఊహలను తామే పరీక్షించుకోలేదని అర్థం. ఆ పరీక్ష జరిగేది తరగతి గదిలోనే.

అసలు జబ్బు ఒక్క శాఖది కాదు. లెక్కపెట్టడానికి వీలైనదాన్నే విశ్వవిద్యాలయాలు విలువగా చూస్తున్నాయి. వ్యాసాలను లెక్కపెట్టవచ్చు, ఒక విద్యార్థి ఆలోచన మారిన క్షణాన్ని లెక్కపెట్టలేం. అందుకే పేరు పెరిగిన ఆచార్యుడికి మొదట దక్కే బహుమానం పాఠాల నుంచి మినహాయింపు అవుతోంది. నియామక సంఘాలు అభ్యర్థి చేత ఆయన ప్రత్యేక రంగానికి బయటి అంశంపై, తొలి ఏడాది విద్యార్థుల ముందు ఒక పూర్తి పాఠం చెప్పించి, ఆ గంటను చూసిన తరువాతే ప్రచురణల జాబితా తెరవాలి.