పచ్చ కాదు బావా, పచ్చి!

మా బావమరిది పోర్చుగల్‌లో ఒక హోటల్ వంటింట్లో పనిచేస్తాడు. మూడేళ్ల కింద దసరాకు వచ్చినప్పుడు నా చేతిలో ఒక సీసా పెట్టి, ‘విన్యో వెర్దే బావా, వైట్ వైన్. పేరుకు పచ్చ వైన్ అని అర్థం’ అన్నాడు. తెల్లది పచ్చ ఎట్లయిందిరా అని అడగాల్సింది. అడగలేదు. బావ హోదాలో ఉన్నాను కదా, తెలిసినట్టే తలూపాను.

నిజానికి వైన్ గురించి నాకు తెలిసింది ఒక్కటే. పాతబడేకొద్దీ దాని విలువ పెరుగుతుందని. అందుకే హనుమకొండలో మా ఇంటి సజ్జ మీద, బతుకమ్మ పేర్చే తాంబాళానికీ పాత కూలర్ మోటారుకూ మధ్య దాన్ని భద్రంగా పడుకోబెట్టాను. ఆ సజ్జ పైన ఉన్నది నేరుగా స్లాబే. వరంగల్ ఎండల్లో మూడు మే నెలలు అది అక్కడే ఉడికింది. ఆఫీసులో ఎవరైనా మందు మాట ఎత్తితే చాలు, ‘మా ఇంట్లో ఒకటి వయసుకొస్తోంది’ అనేవాణ్ని. మా ఆవిడ మాత్రం దుమ్ము దులిపినప్పుడల్లా ‘తాగరు, పారెయ్యరు’ అని గొణిగేది.

ఈ దసరాకు బావమరిది మళ్లీ వచ్చాడు. సీసాను పాత చీరలో చుట్టి, స్కూటర్ డిక్కీలో పెట్టుకుని నర్సంపేట దగ్గరి అత్తగారి ఊరికి బయల్దేరాను. దారిలో గుంత వచ్చినప్పుడల్లా గుండె జారింది.

జమ్మి పంచుకోవడం, అలాయ్ బలాయ్ అయ్యాక బగారన్నం, మటన్ ముందు కూర్చున్నాం. కల్లు తెచ్చిన గౌడన్న కూడా ఆగాడు. బిరడా తీసే సాధనం ఊళ్లో ఎవరి దగ్గరా లేదు. తలుపు స్క్రూ ఒకటి బిగించి కటింగ్ ప్లేయర్‌తో లాగితే సగం బిరడా ఊడొచ్చింది, సగం లోపల పడింది. చాయ్ జాలీతో వడపోసి స్టీలు గ్లాసుల్లో పోశాను.

పచ్చగా లేదు. తెల్లగానూ లేదు. చిక్కటి డికాక్షన్‌లో నీళ్లు కలిపినట్టుంది. మామయ్య ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, చాలాసేపటికి తెరిచారు.

‘అల్లుడూ, పచ్చిపులుసుల ఉప్పు మర్చిపోయినట్టున్నది.’

బావమరిది సీసా తిప్పి చూసి తల పట్టుకున్నాడు. ‘ఇది నేను అప్పుడు తెచ్చిందేనా? బావా, పచ్చ అంటే రంగు కాదు. పచ్చి! లేత వైన్ అని!’

అప్పుడు చెప్పాడు, మూడేళ్ల కింద చెప్పాల్సిందంతా. ఇది పోర్చుగల్ వాయవ్య మూలన మిన్యో ప్రాంతంలో పుడుతుందట. అవతల స్పెయిన్, పక్కన అట్లాంటిక్. వానలు ఎక్కువ, నేల తడి. అందుకే తీగలను పైకి పాకించేవారు. పాతకాలంలో అయితే చేను గట్ల మీది చెట్లకే ఎక్కించి, నిచ్చెనలేసి గుత్తులు కోసేవారట.

గౌడన్న నిటారుగా కూర్చున్నాడు. ‘చెట్టెక్కి దించుతరా? అయితే మనోళ్లే!’

ఆ వైన్‌కు 1908లోనే హద్దులు గీశారని, ఘాటు తక్కువని, చాలావాటిలో ఆల్కహాల్ 9 నుంచి 11 శాతమేనని బావమరిది చెప్పుకుపోయాడు. నాలుక మీద కొంచెం చురుక్కుమంటుంది, నిమ్మకాయలా పుల్లగా ఉంటుంది. దాచుకోదగ్గవీ కొన్ని ఉన్నాయి గానీ, ఇలాంటి మామూలు సీసాను ఏడాది, రెండేళ్ల లోపు బాగా చల్లబరిచి తాగెయ్యాలి. అక్కడ కాల్చిన సార్డీన్ చేపలు, రొయ్యలు, పీతలతో తాగుతారట.

‘మటన్‌తో ఎవరు తాగమన్నరు? పాకాల చెరువు కొర్రమీను వేయించి, నిమ్మకాయ పిండి పెట్టాలె’ అన్నాడు బావమరిది.

‘పొద్దుటి కల్లు పొద్దుగూకితెనే పులుస్తది’ అన్నాడు గౌడన్న నా వైపు జాలిగా చూస్తూ. ‘మూడేండ్లు ఎట్ల ఉంచినవు సారూ?’

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కల్లు చూస్తున్నవాణ్ని. అయినా సీసా చేతికి రాగానే దాన్ని ఆవకాయ జాడీ అనుకున్నాను.

మామయ్య తన గ్లాసు పక్కకు జరిపి లొట్టి వైపు చెయ్యి చాచారు. మేమూ జరిపాం. కాసేపటికి అత్తమ్మ వచ్చి గ్లాసుల్లోదీ సీసాలోదీ ఒక గిన్నెలోకి ఒంపుకుని, వాసన చూసి, ఏమీ అనకుండా పెరట్లోకి వెళ్లింది.

సాయంత్రం చేతులు కడుక్కుందామని వెళితే బావి గట్టు మీద ఇత్తడి బిందె తళతళ మెరుస్తోంది. అత్తమ్మ పీచు పక్కన పెట్టి అడిగింది.

‘ఇంకొక సీసా ఉన్నదా అల్లుడా?’