అడ్డగీతలు, పిల్లర్లు, వత్తులు

సొంత వెబ్‌సైట్ పెట్టుకునేవాడు ముందు ఏదో ఒకటి రాయాలనే అపోహ మన సమాజంలో బలంగా నాటుకుపోయింది. ఎనిమిది నెలలుగా దీన్ని ఖండిస్తూ వస్తున్నాను. ముందు మెనూ, ఆ తర్వాత ఫాంటు. రాతదేముంది, ఎవడైనా రాస్తాడు.

మెనూ కోసం పై మూలన మూడు అడ్డగీతలు పెట్టాను. 1981లో వచ్చిన జెరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం నార్మ్ కాక్స్ గీసిన గుర్తు అది. మా మామయ్య ఫోన్‌లో చూసి, "విభూతి రేఖలతో మొదలుపెట్టావు, శుభం" అని కళ్లకద్దుకున్నారు. నొక్కలేదు. పోనీ అని నిలువుగా మూడు చుక్కలు పెడితే, చీమలనుకుని తుడిచారు.

అప్పుడు నాకు హైదరాబాదులో మా అత్తాపూర్ గుర్తొచ్చింది. మా నెత్తిమీదుగా పిల్లర్ల మీద పోయే పీవీ ఎక్స్‌ప్రెస్‌వేని 2009లో ఎయిర్‌పోర్టుకు పోయేవాళ్ల కోసం తెరిచారు. కింద ఉండే మాకు మాత్రం అది అడ్రసు. బిర్యానీ తెచ్చే కుర్రాడికి కాలనీ పేరు చెప్పి చూడండి, "పిల్లర్ నంబర్ చెప్పన్నా" అంటాడు. ఇంతకు మించిన నావిగేషన్ ఉందా? పేజీలకు పేర్లు పీకేసి నంబర్లు వేశాను. "అల్లుడూ, మూడో నంబర్ దాకా వచ్చాను, యూటర్న్ ఎక్కడ?" అని మామయ్య ఫోన్. వెనక్కి వచ్చే బటన్ పెట్టడం మర్చిపోయాను. హైదరాబాదులో అది మామూలే.

ఇక ఫాంట్లు. గూగుల్ ఉచితంగా ఇచ్చేవాటిలో శ్రీకృష్ణదేవరాయలు, పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ ఉన్నారు. అంటే సగం భువనవిజయం. ఒక్కో కవితో పదిహేను రోజులు గడిపాను. పద్యం ఒక్కటీ రాదు. ధూర్జటి గుడి అంటే మాత్రం నాకిప్పుడు శ్రీకాళహస్తి కాదు, అక్షరం నెత్తిమీదది.

అసలు ప్రాణం తీసినవి వత్తులు. ఇంగ్లిషుకు హాయిగా సరిపోయే 1.5 లైన్ హైట్, అంటే వరుసకూ వరుసకూ మధ్య ఎడం, పెట్టానా, 'కార్త్స్న్యం' లాంటి మాట తన వత్తులన్నీ వేలాడేసుకుని కింది వరుస గుడుల మీద పడింది. పై ఫ్లాట్‌వాళ్లు ఆరేసిన తడిచీర, మన బాల్కనీలో చాయ్ తాగుతున్న మొహానికి తగిలినట్టు. నువ్వు కార్త్స్న్యం అని ఎందుకు రాస్తావయ్యా అంటారా? ముందుజాగ్రత్త. 1.6, 1.7 అంటూ రెండు వారాల టెన్షన్ తర్వాత 1.9 దగ్గర శాంతి కుదిరింది.

మొన్న సైటు తెరిచాను. మామయ్య నాలుగు నంబర్లూ నొక్కారు. నాలుగింటిలోనూ పెద్దన అక్షరాల్లో 'త్వరలో' అని ఉంది. ఆ 'త్వ' కింద వత్తు ఎంత నిండుగా కుదిరిందో చూడాలి! కింది లైనుకు ఎక్కడా తగల్లేదు.

కింద లైను లేదు లెండి.