ప్రశ్న పిల్లలే వేసుకోనివ్వండి

ఇంగ్లండులో సిక్స్త్ ఫారమ్‌లో, అంటే పదహారేళ్ల తర్వాతి రెండేళ్ల బడి చదువులో చేరిన అమ్మాయో అబ్బాయో ఏ లెవెల్స్ (A Levels) అనే ప్రధాన సబ్జెక్టు కోర్సులతో పాటు ఎక్స్‌టెండెడ్ ప్రాజెక్ట్ క్వాలిఫికేషన్, అంటే ఈపీక్యూ కూడా చేస్తామంటే, అక్కడి తెలుగు ఇళ్లలో ముందుగా వినిపించే మాట దానికి ఎన్ని పాయింట్లన్నదే. అత్యున్నత గ్రేడు ఏ స్టార్ (A*) సాధిస్తే వచ్చేవి 28 యూకాస్ పాయింట్లు, అంటే విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో లెక్కకు వచ్చే పాయింట్లు. ఏ లెవెల్‌లో అదే గ్రేడుకు వచ్చే 56లో సగం. మెడిసిన్ మీద ఆశ పెట్టుకున్న కుటుంబం, ఆ సమయమేదో కెమిస్ట్రీకి కేటాయిస్తే మేలు కదా అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. అయినా ఈ ఒక్క లెక్కతో దాన్ని కొట్టిపారేయడం సరికాదని మా అభిప్రాయం.

ఈపీక్యూకు సిలబస్ లేదు, రాతపరీక్ష లేదు. విద్యార్థి తానే ఒక ప్రశ్న వేసుకుని, ఆధారాలు వెతికి, సుమారు 5,000 పదాల నివేదిక రాయాలి. ఆ విషయంతో పరిచయం లేనివారి ముందు ప్రసంగించి, వారి సందేహాలు తీర్చాలి. వ్యాసం బదులు ఏదైనా తయారుచేసి చిన్న నివేదిక జతచేసే వీలూ ఉంది. ఏక్యూఏ అనే పరీక్షల బోర్డు పద్ధతిలో పని నిర్వహణకు 20 శాతం, చివరి సమీక్షకు మరో 20 శాతం మార్కులున్నాయి.

ఉదాహరణకు, దక్షిణాసియా వారికి మధుమేహం ఎందుకు ఎక్కువ అని ఒక విద్యార్థి మొదలుపెట్టిందనుకుందాం. ఆ ప్రశ్నకు 5,000 పదాలు ఏ మూలకూ చాలవు. చదువుతూ పోతే, బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు సాధారణంగా అధిక బరువుకు 25 బీఎంఐని (ఎత్తుతో పోల్చి బరువును కొలిచే సూచిక) హద్దుగా తీసుకుంటూనే, దక్షిణాసియా వారి విషయంలో 23 నుంచే ముప్పు పెరుగుతుందని చెబుతున్నట్లు తెలుస్తుంది. ఈ తేడాకు ఆధారాలు ఎంత బలమైనవన్నదే ఇప్పుడు ఆమె ప్రశ్న. ప్రశ్న ఎప్పుడు మారింది, ఏ వ్యాసాన్ని ఎందుకు పక్కన పెట్టిందన్నదంతా పని సాగిన తీరును రాసుకునే ప్రొడక్షన్ లాగ్‌లో నమోదవుతుంది. పదహారేళ్ల వయసులో తన ఆలోచన తప్పుదారి పట్టిందని గుర్తించి, కారణం రాసి, దాన్ని మార్చుకునే అవకాశం ఏ లెవెల్స్ పరీక్ష హాలులో దొరకదు. కనుకనే తల్లిదండ్రులు అంశం ఎంచి ఇవ్వడం గానీ, రాసిపెట్టడం గానీ సాయమనిపించుకోదు. పైగా అది విద్యార్థి సొంత పనేనని పాఠశాల ధ్రువీకరించాలి.

మమ్మల్ని ఎక్కువగా బాధిస్తున్నది మరొకటి. సౌతాంప్టన్, బర్మింగ్‌హామ్ వంటి విశ్వవిద్యాలయాలు ఈపీక్యూలో మంచి గ్రేడు తెచ్చుకునే వారికి, అనేక కోర్సుల్లో ఏ లెవెల్స్‌లో కోరే గ్రేడుల షరతును కొంత తగ్గిస్తున్నాయి. కానీ ఈపీక్యూ ప్రతి సిక్స్త్ ఫారమ్‌లోనూ లేదు. ప్రతి విద్యార్థికీ ఒక పర్యవేక్షకుడు కావాలి, ఆ ఉపాధ్యాయుడి గంటలకు డబ్బు కావాలి. నిధులు చాలని ప్రభుత్వ పాఠశాలలో చదివే విద్యార్థి పరిశోధన అనుభవాన్నీ, ఆ సడలింపునూ రెండింటినీ కోల్పోతుంటే అది అన్యాయమే. పర్యవేక్షణ గంటలకు ప్రభుత్వం విడిగా నిధులివ్వాలి. తల్లిదండ్రులు కూడా పాఠశాలను చూసేందుకు పెట్టే ఓపెన్ ఈవెనింగ్‌కు వెళ్లినప్పుడు గ్రేడుల పట్టికతో సరిపెట్టుకోకుండా, ఇక్కడ ఈపీక్యూ ఉందా, పర్యవేక్షకుడు ఒక్కో విద్యార్థికి ఎంత సమయం ఇస్తారని అడగాలి.