సెమీ క్రిస్మస్ వేదికల మీద యోహాను ఎక్కడ?

డిసెంబరు మొదటి వారం నుంచే మన ఊళ్లలో సెమీ క్రిస్మస్‌లు, అంటే పండగకు ముందే జరిపే క్రిస్మస్ సభలు, మొదలవుతాయి. కాలేజీలో ఒకటి, ఆఫీసులో ఒకటి, మండల పాస్టర్ల ఫెలోషిప్ తరఫున ఒకటి, నియోజకవర్గ స్థాయిలో ఇంకొకటి. ఫ్లెక్సీలు, కేకు, శాలువాలు, బిర్యానీ. తీరా 25వ తేదీ వచ్చేసరికి సగం సంఘం అలసిపోయి ఉంటుంది, పాస్టరుగారి గొంతు పోయి ఉంటుంది. క్రిస్మస్‌ను వ్యాపారం మింగేసిందని, శాంటాక్లాజ్ క్రీస్తును పక్కకు నెట్టాడని ఏటా ప్రసంగాల్లో వింటూనే ఉన్నాం. అది అమెరికా, యూరప్ సంఘాల బాధ. అక్కడి వాళ్లు పడాల్సిన బాధే. తెలుగు సంఘానికి ముప్పు షాపింగ్ మాల్ నుంచి రాలేదు. మన దగ్గర క్రీస్తు స్థానంలో కూర్చున్నది ముఖ్య అతిథి.

అక్కడ ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. సాయంత్రం 6 గంటలకు మీటింగ్ అంటారు. ఎమ్మెల్యేగారు మరో రెండు కార్యక్రమాలు చూసుకుని వచ్చేసరికి 9 దాటుతుంది. గొల్లల వేషం వేసుకున్న సండే స్కూల్ పిల్లలు అప్పటికే తల్లుల ఒళ్లో నిద్రపోతుంటారు. ఆయన రాగానే పాట మధ్యలో ఆగిపోతుంది. దండలు, కేకు, ఫొటోలు, గత ప్రభుత్వం మీద నాలుగు మాటలు, వచ్చే ఎన్నికల మీద రెండు మాటలు. వాక్యం చెప్పాల్సిన దైవసేవకుడికి చివర్లో పది నిమిషాలు మిగులుతాయి. అందులోనూ సగం కృతజ్ఞతలకే సరిపోతుంది.

ఇలా పోగొట్టుకుంటున్నది ఒక్క సాయంత్రాన్ని కాదు, ఒక కాలాన్నే. క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలను సంఘం ఆగమన కాలంగా పాటిస్తూ వచ్చింది. సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), లూథరన్, కతోలిక సంఘాల్లో ఇప్పటికీ ఊదారంగు బట్ట పరుస్తారు, వారానికో కొవ్వొత్తి వెలిగిస్తారు. అవి పండగ రోజులు కావు. ఎదురుచూసే రోజులు, మనసు సరిచేసుకునే రోజులు. స్వతంత్ర సంఘాల్లో చాలావాటికి ఈ ఆచారం మొదటి నుంచీ లేదు, వాళ్లను తప్పుపట్టలేం. ఉన్న సంఘాలు కూడా దాన్ని సెమీ క్రిస్మస్‌కు ఇచ్చేశాయి. అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

ఆ నాలుగు వారాల్లో చదివే వాక్యభాగాలు చూడండి. రెండో, మూడో ఆదివారానికి బాప్తిస్మమిచ్చు యోహాను వస్తాడు. లూకా 3వ అధ్యాయంలో జనం ఆయన్ని ఒక్కటే అడుగుతారు: మేమేమి చేయాలి? రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలన్నాడు. సుంకం వసూలు చేసేవాళ్లతో, నిర్ణయించినదానికంటే ఒక్క పైసా ఎక్కువ తీసుకోవద్దన్నాడు. సైనికులతో, ఎవరినీ బెదిరించి డబ్బు గుంజవద్దన్నాడు. అక్కడితో ఆగలేదు. అన్న భార్యను ఉంచుకున్న పాలకుడు హేరోదు అంతిపను నిలదీశాడు. చెరసాల పాలై, చివరికి తల పోగొట్టుకున్నాడు.

ఈ అంతిప తండ్రి ఎవరో గుర్తుచేసుకోండి. బేత్లెహేములో రెండేళ్లు, అంతకు తక్కువ వయసున్న మగపిల్లలను చంపించిన హేరోదు. తూర్పుదేశపు జ్ఞానులతో అతనేమన్నాడో మత్తయి 2వ అధ్యాయంలో ఉంది. శిశువు ఎక్కడున్నాడో నాకూ చెప్పండి, నేను కూడా వచ్చి పూజిస్తాను అన్నాడు. క్రీస్తు పుట్టుకను ఆరాధిస్తానని అధికారం నోటితో పలికిన మొట్టమొదటి మాట అదే. జ్ఞానులు ఆ మాటను నమ్మి తిరిగి వెళ్లలేదు, వేరే దారిన తమ దేశానికి పోయారు. మన ఎమ్మెల్యేలు, మంత్రులు హేరోదులని నేను అనడం లేదు. వారిలో నిజమైన అభిమానంతో వచ్చేవాళ్లున్నారు, విశ్వాసులూ ఉన్నారు. నేను అంటున్నది సంఘం గురించి. యోహానును చదవాల్సిన నెలలో, లంచం గురించి ఒక్క మాట కూడా మాట్లాడలేని వేదికను మనమే కట్టుకుంటున్నాం. ఇసుక లారీల సంగతి, పట్టాల సంగతి తెలిసిన పాస్టరు, ఆ సంగతులు నడిపించే మనిషి పక్కన కూర్చుని లూకా 3 చదవగలడా? చదవలేడు. అందుకే ఏటా దూతల పాట ఒక్కటే మిగులుతోంది.

దీనికి ఎదురు వాదన ఉంది, దానికి బరువూ ఉంది. చర్చిల మీద దాడుల వార్తలు వింటున్న రోజుల్లో ఎస్సైగారు, ఎమ్మెల్యేగారు మన వేదిక మీద కనిపిస్తే ఊళ్లో సంఘానికి ధైర్యమంటారు. ప్రభుత్వం ఎల్బీ స్టేడియంలో విందు ఇస్తే మైనారిటీలకు గుర్తింపు అంటారు. ఇరుగుపొరుగు హిందూ, ముస్లిం కుటుంబాలతో కలిసి భోంచేయడం మంచిదంటారు. ఈ చివరి మాటను పూర్తిగా ఒప్పుకుంటాను, ఇంకా ఎక్కువ జరగాలి. రక్షణ మాత్రం రాజ్యాంగంలో మతస్వేచ్ఛ ఇచ్చే 25వ అధికరణంతో పాటు వచ్చిన హక్కు. శాలువా కప్పి సంపాదించుకోవాల్సిన దయ కాదు.

తెలుగు నేల మీద ఈ విశ్వాసం ఎలా వేళ్లూనిందో తెలిసినవాళ్లకు ఈ వేదికలు ఇంకా ఇబ్బందిగా అనిపించాలి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఇ. క్లౌ 1866లో ఒంగోలు వచ్చారు. ఊళ్లో బ్రాహ్మణ కుటుంబాలు తమ పిల్లలకు బడి కావాలన్నాయి, బడి పెట్టారు. అదే సమయంలో మాదిగపల్లెల నుంచి బాప్తిస్మం కోరుతూ మనుషులు వచ్చారు. వాళ్లను చేర్చుకుంటే మా పిల్లలు రారని పెద్దలు చెప్పేశారు. క్లౌ ఒక గదిలో, ఆయన భార్య మరో గదిలో ప్రార్థించి బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే భాగం కనబడిందట. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం: లోకరీతిని జ్ఞానులైనను, ఘనులైనను, గొప్ప వంశమువారైనను అనేకులు పిలువబడలేదు. బడి పోయింది. పల్లె వచ్చింది.

ఆ తర్వాత 1876–78 కరువు. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకుని వేల మందికి కూలి చూపించారు. కూలి ఇస్తున్నంత కాలం ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. తిండి కోసం చేరారన్న మాట ఎవరిమీదా పడకూడదన్నదే ఆయన పట్టుదల. కరువు పని ముగిశాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పంచే చేతినీ, విశ్వాసాన్నీ అంత ఖచ్చితంగా వేరుగా ఉంచిన వారసత్వం మనది. ఇవాళ ఆరాధన మధ్యలో పంపకాలు పెట్టుకుని ఫొటోలు దిగుతున్నాం.

అసలు బాధ ఇక్కడ చెప్పాలి. ఆ పల్లెల మనవలు, మునిమనవల్లో చాలామంది ఇవాళ కాగితం మీద క్రైస్తవులు కారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులం వాడు కాదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు ఇచ్చారు. దళిత క్రైస్తవుడికి ఇప్పటికీ లేదు. రెండు రాష్ట్రాల్లోనూ అతన్ని బీసీ-సీలో పెట్టి ఒక్క శాతం రిజర్వేషన్ చేతిలో పెట్టారు. బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన పల్లెలో ఎవరూ అతన్ని వేరుగా చూడటం మానలేదు, టీ కొట్లో దళితులకు విడిగా పెట్టే రెండో గ్లాసు పోలేదు. అందుకే బడిలో ఒక పేరు, సంఘంలో ఒక పేరు. పిల్లాడి సీటు కోసం, ఉద్యోగం కోసం తల్లిదండ్రులు విశ్వాసాన్ని దరఖాస్తులో దాచుకుని, డిసెంబరులో మాత్రం ఇంటి మీద స్టార్ వేలాడదీస్తున్నారు. వాళ్లను అబద్ధికులనే హక్కు ఎవరికీ లేదు. వాళ్లను అలా బతకమన్న చట్టం గురించి, కేకు కోసేచోట ఎవరూ నోరెత్తరు. సత్రంలో చోటు లేక పశువుల తొట్టిలో పడుకోబెట్టిన బిడ్డ కథ చదివే చోట ఈ మాట రాకపోతే ఇంకెక్కడ వస్తుంది?

ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2009లో, మళ్లీ 2023 మార్చిలో దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని తీర్మానించింది. కేంద్రం 2022 అక్టోబరులో ఈ విషయం పరిశీలించడానికి జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ఇవేవీ డిసెంబరు సభల్లో వినపడవు.

కాబట్టి సంఘ పెద్దలను, పాస్టర్ల ఫెలోషిప్‌లను అడుగుతున్నాను. ఆ నాలుగు ఆదివారాలను ఆగమన కాలానికే వదిలేయండి. వాటిలో వేదిక వద్దు, కేకు వద్దు, యోహాను మాటలు పూర్తిగా చదవండి. క్రిస్మస్ 25న అయిపోయే పండగ కాదు, జనవరి 6 దాకా సాగుతుంది. విందు ఆ రోజుల్లో పెట్టండి, ఇరుగుపొరుగును పిలవండి, నాయకులనూ పిలవండి. వాళ్లు అందరితో పాటు బల్లల మీద కూర్చోవాలి. పిల్లల నాటకం ముందు జరగాలి. తర్వాత మూడో పేరా మీద వినతిపత్రం చేతికిచ్చి, మన తీర్మానం గురించి ఢిల్లీలో ఏం చేశారో ఎంపీగారిని అందరి ముందూ అడగాలి.