ఏడీహెచ్‌డీని ప్రతిభగా చూపే వాదనలో పొరపాట్లు

ఏడీహెచ్‌డీ అంటే ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం, తొందరపాటు కనిపించే స్థితి. “ఏడీహెచ్‌డీ జబ్బు కాదు, సృజనాత్మకతకు గుర్తు, ఐన్‌స్టీన్‌కూ ఉండేది, మందులు పిల్లల ఊహాశక్తిని చంపేస్తాయి” అనే సందేశం తల్లిదండ్రుల మధ్య విస్తృతంగా తిరుగుతోంది. పిల్లలను నిందల నుంచి కాపాడాలన్న మంచి ఉద్దేశం దాని వెనుక ఉన్నప్పటికీ, వైద్యం అవసరమైన పిల్లలకు అది అందకుండా చేసే ప్రమాదం ఉన్నందున అందులోని ప్రతి మాటనూ పరీక్షించవలసి ఉంది.

సృజనాత్మకత గురించిన మొదటి మాటలో కొంత నిజముంది. ఏడీహెచ్‌డీ ఉన్న కాలేజీ విద్యార్థులు ఒక వస్తువుకు కొత్త కొత్త ఉపయోగాలు ఊహించడంలో తోటివారికంటే ముందున్నారని పరిశోధకులు హాలీ వైట్, ప్రీతి షా 2006లో ప్రచురించారు. అయితే పొంతన లేనట్టు కనిపించే మూడు పదాలను కలిపే నాలుగో పదాన్ని పట్టుకోవడంలో వారే వెనుకబడ్డారన్న రెండో సగాన్ని సందేశం వదిలేసింది. అదే ఏడాది పరిశోధకురాలు అన్నా అబ్రహాం బృందం టీనేజీ పిల్లలను పరీక్షించింది. ఏడీహెచ్‌డీ ఉన్నవారు ముందుగా చూపిన నమూనాల ప్రభావం నుంచి సులువుగా బయటపడ్డారు గానీ, ఇచ్చిన ఆకారాలతో పనికొచ్చే వస్తువును కల్పించడంలో తడబడ్డారు. కథ మొదలుపెట్టి ముగించలేక కుమిలిపోయే పిల్లలకు అడ్డుపడేది ఊహను పనికొచ్చే రూపంలోకి తెచ్చే ఈ రెండో దశే.

అంతకంటే ముఖ్యమైనది 2020లో పరిశోధకురాలు మార్టీన్ హూగ్‌మన్ బృందం 31 అధ్యయనాలను పరిశీలించి తేల్చిన విషయం. రోగనిర్ధారణ దాకా రాని స్వల్ప లక్షణాలున్నవారిలో బహుముఖ ఆలోచన (ఒకే ప్రశ్నకు అనేక జవాబులు ఊహించగలగడం) ఎక్కువగా కనిపించిందే తప్ప, రోగనిర్ధారణ అయినవారిలో అలాంటి ఆధిక్యానికి ఆధారం దొరకలేదు. సందేశం ఈ రెండు స్థితులనూ ఒకటిగా కలిపేసింది.

ఐన్‌స్టీన్ విషయం ఎక్కువ చర్చకు నిలవదు. పన్నెండేళ్లలోపే మొదలైన లక్షణాలు ఇంట్లోనూ బడిలోనూ ఇబ్బంది పెట్టాయా అని విచారించి చేయవలసిన నిర్ధారణను, 1955లో మరణించిన వ్యక్తికి జీవిత కథల ఆధారంగా అంటగట్టడం సరికాదు.

మందుల గురించిన మాట అన్నిటికంటే హానికరమైనది. ఏడీహెచ్‌డీకి వాడే ఉత్తేజక మందులు సృజనను దెబ్బతీస్తాయనడానికి ఆ 2020 సమీక్షలో ఆధారం కనబడలేదు. ఆకలి మందగించడం, నిద్ర పట్టకపోవడం వంటి దుష్ప్రభావాలు మాత్రం నిజమే. మందు వేసుకున్నాక బిడ్డ మరీ స్తబ్ధుగా ఉంటే మోతాదు ఎక్కువై ఉండవచ్చు. ఆ సంగతి వైద్యుడికి చెప్పి సరిచేయించుకోవాలి గానీ, మాత్రలు సొంతంగా ఆపేయకూడదు.